పన్నెండు ఊళ్ళను నమ్మని మామయ్య

చెకింగ్ మామయ్యకు ఉన్న జబ్బు ఒక్కటే. "ఆ పక్కనేనండీ, ఐదు నిమిషాల నడక" అని ఎవరైనా అంటే నమ్మడు. నమ్మకపోగా ఆ అన్న మనిషిని ఓసారి ఎగాదిగా చూసి, "ఎవరి ఐదు నిమిషాలు?" అని అడుగుతాడు. అక్కడితో ఆగితే పోనీ పెద్దాయన అని సరిపెట్టుకోవచ్చు. ఆగడు. చెప్పుల పట్టీ బిగించి, చేతి గడియారం చూసుకుని, నడిచి వెళ్ళి, నడిచి తిరిగొచ్చి, "పదకొండు నిమిషాల నలభై సెకన్లు పట్టింది. ఐదని ఎందుకు చెప్పారు?" అని నిలదీస్తాడు. అప్పటికి ఆ మనిషి దారి చెప్పిన సంగతే మరిచిపోయి భోజనానికి కూర్చుని ఉంటాడు.

ముప్పై నాలుగేళ్ళు సిటీ బస్సుల్లో చెకింగ్ ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన మనిషికి నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది? ఆయన బస్సెక్కగానే కిటికీలోంచి బయటికి చూసేవాడి దగ్గర టికెట్ లేదని ఒక లెక్క. తన ముఖంలోకి సూటిగా చూసేవాడి దగ్గర అసలే లేదని ఇంకో లెక్క. వచ్చిన పెళ్ళి సంబంధాలను కూడా ఇలాగే తనిఖీ చేశాడు. తనిఖీ పూర్తయ్యేసరికి ఆ అమ్మాయిలందరికీ పెళ్ళిళ్ళయిపోయాయి. రిటైరైన రోజున తోటివాళ్ళు గోడగడియారం బహూకరిస్తే, నాలుగు మాటలు చెప్పడానికి లేచి, అది రెండు నిమిషాలు వెనకబడి ఉందని చెప్పి కూర్చున్నాడు.

రిటైరయ్యాక ఆ అనుమానమంతా మనుషులు చెప్పే నిమిషాల మీదికి మళ్ళింది. అక్కడినుంచి ఊళ్ళ మీదికి మళ్ళడానికి మాత్రం మేనకోడలే కారణం, పాపం తెలియక.

మేనకోడలికి మామయ్య ఉండే ఊళ్ళోనే ఒక అధ్యయన సంస్థలో ఉద్యోగం దొరికింది. మామయ్య ఇంట్లో ముందు గది ఆమెకిచ్చాడు. ఆ సంస్థ ఏటా ఒక పుస్తకం వేస్తుంది. పన్నెండు ఊళ్ళు తీసుకుని, ఏ ఊళ్ళో నడవడం సుఖం, ఏ ఊళ్ళో సైకిలు తొక్కడం సుఖం, ఏ ఊళ్ళో బస్సు దొరకడం తేలిక అని ఒక్కో దానికి వందేసి మార్కులకు లెక్కగట్టి ర్యాంకులిస్తుంది. ఆ పట్టికలు కట్టడమే ఆమె పని. చేరిన వారానికి ఆ పుస్తకం ఒకటి తెచ్చి ముచ్చటగా మామయ్య చేతిలో పెట్టింది. ఆయన దాన్ని గడువు దాటిన బస్ పాస్‌ను చూసినట్టు వెలుతురుకి ఎత్తిపట్టుకుని చూశాడు.

"మన ఊరికి రెండో ర్యాంకు. నడకకు ఎనభై ఏడు మార్కులు. ఎవరు నడిచారు?"

"ఎవరూ నడవరు మామయ్యా. మ్యాపు మీద కొలుస్తాం. ఇంటినుంచి కొట్టుకి ఎంత, బడికి ఎంత, లైబ్రరీకి ఎంత అని కంప్యూటరే చెబుతుంది."

"కంప్యూటరుకి మోకాళ్ళున్నాయా?"

ఆమె నవ్వేసి ఊరుకుంది. ఆయన నవ్వలేదు. మర్నాడు పొద్దున్నే ఆమె లేచేసరికి మామయ్య లేడు, పుస్తకమూ లేదు. రిటైరైనవాళ్ళకిచ్చే పాసు తీసుకుని సైకిళ్ళలో మొదటి ర్యాంకు వచ్చిన ఊరికి వెళ్ళిపోయాడు.

ఆ ఊళ్ళో నది పక్కన తొమ్మిది కిలోమీటర్ల సైకిల్ దారి ఉందని పుస్తకం చెప్పింది. అరవై దాటిన మనిషి, చిన్నప్పుడెప్పుడో వదిలేసిన సైకిలు అద్దెకు తీసుకుని ఎక్కాడు. దారికి పచ్చరంగు వేశారు, బాగానే ఉంది. రెండో కిలోమీటరు దగ్గర ఆ పచ్చదారి సరాసరి ఒక ట్రాన్స్‌ఫార్మరులోకి వెళ్ళి, వెనకనుంచి బయటికొచ్చింది. సైకిలు మీద మనిషి అలా వెళ్ళలేడు కాబట్టి దిగి చుట్టూ తిరిగాడు. ఆ తరవాత ఆగిన కార్లు, ఒక దర్జీ కుట్టుమిషను, ఎవరిదో ఆరేసిన పరుపు. తొమ్మిదిలో తొక్కడానికి వీలున్నది నాలుగేనని తేల్చాడు.

అదే ఊళ్ళో ఇంకో చిత్రం జరిగింది. సైకిలు తోసుకుంటూ రోడ్డు దాటబోతుంటే లారీ ఒకటి వచ్చి, ఆయన కోసం ఆగింది. ఆ ఊళ్ళో అది మామూలేనట. మామయ్యకు అనుమానం వచ్చింది. ఊరికే లారీ ఎందుకు ఆగుతుంది? ఆయన కదల్లేదు. లారీ డ్రైవరూ కదల్లేదు. వెనక బారెడు బళ్ళు నిలిచిపోయాయి. చివరికి డ్రైవరే దిగొచ్చి, సైకిలు ఒక చేత్తో, మామయ్యను ఒక చేత్తో పట్టుకుని అవతలికి చేర్చి వెళ్ళాడు. ఆ మనిషి ఉద్దేశం ఏమై ఉంటుందా అని ఇంటికొచ్చాక కూడా రెండు రోజులు ఆలోచించాడు.

తరవాత కొండ ఊరు. బస్సులకు తొంభై ఒక్క మార్కులు. మూడు వందల మీటర్లకు ఒక స్టాపు ఉన్నమాట నిజమే, బస్సు మాత్రం వాటిలో ఐదారింటి దగ్గరే ఆగుతోంది. మిగతావి పావురాల కోసం. పొద్దున ఎక్కిన మామయ్య సాయంత్రం దాకా అదే బస్సులో కిందికీ పైకీ తిరిగాడు. మధ్యలో ఒక కుర్రాడు కిటికీలోంచి బయటికి చూసేసరికి పాత రక్తం పొంగి, లేచి నిలబడి, "టికెట్" అన్నాడు. ఆ గొంతు అలాంటిది. బస్సులో అందరూ టికెట్లు తీసి చూపించారు. కండక్టరు తన గుర్తింపు కార్డు చూపించాడు. డ్రైవరు బండి పక్కకు ఆపి లైసెన్సు పట్టుకొచ్చాడు.

ఆఖరున పన్నెండో ర్యాంకు ఊరికి వెళ్ళాడు. అధమమని పుస్తకం అంత గట్టిగా చెబుతోందంటే అందులో ఏదో మతలబు ఉండాలి కదా. అక్కడ సైకిల్ దారి లేదు, ఫుట్‌పాత్ కూడా పేరుకే. కానీ ప్రతి రెండు మూడు కొట్లకూ ఒక కుర్చీ బయట వేసి ఉంది. ఎవరైనా కూర్చోవచ్చు. ఏదో ఒకటి అంటగడతారని మామయ్య భయంభయంగా కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. పదకొండు కుర్చీల్లో కూర్చుని చూశాడు. ఒక చోట మంచినీళ్ళు కూడా ఇచ్చారు. అక్కడినుంచి వచ్చాక మూడు రోజులు ఎవరితోనూ పోట్లాడలేదు. మేనకోడలు జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూసింది.

అసలు గొడవ ఆ నెలలోనే మొదలైంది. సంస్థకు ఆకాశరామన్న ఉత్తరాలు రావడం మొదలుపెట్టాయి. సంతకం లేదు, చిరునామా లేదు. అక్షరాలు మాత్రం ముత్యాలే. భాష చూస్తే కోర్టు కాగితంలా ఉంది. "తమ పుస్తకము పద్నాలుగవ పుటయందు లైబ్రరీ ఏడు నిమిషముల నడక అని యున్నది. దారిలో రెండు చోట్ల ఫుట్‌పాత్ ఎత్తు తొమ్మిది అంగుళములు. మోకాలు వంగని మనిషి దానినెక్కుటకు తమరు ఏ నిచ్చెన పంపెదరో తెలియజేయగోరెదను."

వారానికొకటి చొప్పున ఏడు వచ్చాయి. డైరెక్టరు గారు తలుపులేసి మీటింగు పెట్టారు. పుటల నంబర్లతో సహా రాశారంటే ఇది లోపలివాళ్ళ పనేనన్నారు. కొత్త పుస్తకం ఇంకో నెలలో అచ్చుకు వెళ్ళాలి. ఈసారి సొంత ఊరికి మొదటి ర్యాంకు వస్తుందని ఆయన అప్పుడే పదిమందికి చెప్పుకున్నారు. ఆ ఉత్తరాలు ఎవరి పనో తేలిన రోజున ఆ మనిషి ఉద్యోగం ఉండదని కూడా చెప్పారు. ఇంతకీ డైరెక్టరు గారి ఇల్లు ఆఫీసుకు నాలుగు వందల మీటర్లు. రోజూ కారులో వస్తారు. పుస్తకానికి ముందుమాట "నడకలోని ఆనందం" ఆయనే రాశారు.

ఆ రోజునుంచి ఆఫీసులో ఒకరి రాత ఒకరు దొంగచూపులు చూసుకోవడమే పని. మేనకోడలికి మాత్రం నిచ్చెన మాట చదవగానే మామయ్య గొంతు వినిపించింది. కానీ మామయ్య దస్తూరి సిరాలో పడ్డ చీమ పాకినట్టుంటుంది. అంటే ఆయన చెబుతుంటే రాసిపెట్టేవాళ్ళు ఇంకెవరో ఉన్నారు. ఎవరు?

అనుమానం అంటువ్యాధి. ఆమె మామయ్యను కనిపెట్టి చూడడం మొదలుపెట్టింది. చూసినకొద్దీ భయం వేసింది. ఆయన బీరువాలో రెండు చెక్క స్కేళ్ళూ, ఒక చుట్ట కట్టుగుడ్డా దొరికాయి. మందుల షాపతను కలిసి, మీ మామయ్య గారు మా కొట్టు బయట కుర్చీ వేయించి, రెండు నిమిషాలు కూర్చుని, ఏమీ కొనకుండా వెళ్ళిపోతున్నారు, ఒంట్లో బాగుందా అని అడిగాడు. వీధి చివరి ఇస్త్రీ అతను ఇంకో సంగతి చెప్పాడు. ఆయన ఫుట్‌పాత్ ఎక్కుతాడట, దిగుతాడట, మళ్ళీ ఎక్కుతాడట. ఇలా అరగంట. అన్నీ బుధవారాలే.

తరవాతి బుధవారం ఆమె సెలవు పెట్టి వెనకాల వెళ్ళింది.

మామయ్య సందు మలుపులో ఆగి, అటూ ఇటూ చూసి, కుడి మోకాలికి రెండు పక్కలా స్కేళ్ళు పెట్టి కట్టుగుడ్డతో బిగించాడు. చేతికర్ర తీశాడు. అంతే, నిమిషం క్రితం దాకా జింకలా నడిచిన మనిషి కాలు ఈడ్చుకుంటూ అడుగులో అడుగు వేస్తూ బయలుదేరాడు. మందుల షాపు కుర్చీలో కూర్చున్నాడు. లేచి, ఇస్త్రీ బండి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఫొటో స్టూడియో ముందు బెంచీ మీద కూర్చున్నాడు. ప్రతిచోటా గడియారం చూసి నోటుబుక్కులో ఏదో రాసుకున్నాడు. పెద్ద రోడ్డు దగ్గర పచ్చలైటు పడగానే దిగి, సగం దాకా వెళ్ళి, ఎర్రలైటు పడగానే వెనక్కి వచ్చాడు. మూడుసార్లు అలా చేసేసరికి ట్రాఫిక్ కానిస్టేబులు దగ్గరికొచ్చాడు. ఆమె ఒక ఆటో చాటుకు నక్కి చెవులు రిక్కించింది.

"పద్దెనిమిది సెకన్లే ఇస్తున్నారు. ఆవిడకు ముప్పై ఒకటి కావాలి" అంటున్నాడు మామయ్య.

"ఎవరికండీ?"

"అది మీకనవసరం. లైటు పెట్టింది ఎవరో చెప్పండి."

ఆవిడ. మేనకోడలి బుర్ర గిర్రున తిరిగింది. ఈ వయసులో, ఇన్నేళ్ళ తరవాత, మామయ్య జీవితంలో ఒక ఆవిడా? లైబ్రరీ గుమ్మం తాకి ఆయన వెనక్కి తిరిగాడు. ఇల్లు చేరి, స్కేళ్ళు విప్పి, తన వాటాలోకి రాకుండా మేడమెట్లెక్కాడు. ఆమె చెప్పులు విడిచి, మునివేళ్ళ మీద వెనకే ఎక్కింది.

పై వాటాలో కోర్టమ్మ గారు ఉంటారు. కోర్టులో ముప్పై ఏళ్ళు నకళ్ళు రాసి రిటైరైన ఆవిడ. మేనకోడలు ఇన్ని నెలలుగా అదే ఇంట్లో ఉంటున్నా ఆవిడ కిందికి దిగగా చూడలేదు. ఇప్పుడు ఆవిడ కాలు పీట మీద పెట్టుకుని, అట్ట మీద కాగితం పెట్టుకుని రాస్తున్నారు. మామయ్య ఎదురుగా నిలబడి నోటుబుక్కు చూసి చెబుతున్నాడు. "ఎనిమిదో ఉత్తరం. రాయండి. పచ్చలైటు పద్దెనిమిది సెకన్లు."

గుమ్మంలో మేనకోడలిని చూసి కోర్టమ్మ గారు కలం కింద పెట్టి, "వచ్చావా? ఎప్పుడొస్తావా అని ఆయనతో అంటూనే ఉన్నాను, కూర్చో" అన్నారు, తలుపు దగ్గర పట్టుబడ్డ మనిషి ఆమే అయినట్టు.

మొదటిసారి మామయ్య చూపు కిటికీలోంచి బయటికి వెళ్ళింది.

సంగతంతా ఆవిడే చెప్పారు. రెండేళ్ళ క్రితం తుంటి ఆపరేషను అయింది. కాలు సరిగా వంగదు, రోజూ కాస్త నడవండి అన్నాడు డాక్టరు. లైబ్రరీ ఎంత దూరమని ఆవిడ కింద వాటా ఆయన్ని అడిగారు. అప్పుడే రిటైరై ఇంట్లో ఉన్న మామయ్య, ఆలోచించకుండా, "ఎంతండీ, ఏడు నిమిషాలు" అన్నాడు. అది నమ్మి ఆవిడ ఒక్కరే బయలుదేరారు. సగం దారిలో కాలు మొరాయించింది. ముందుకు పోలేరు, వెనక్కి రాలేరు, కూర్చోవడానికి చోటు లేదు. కరెంటు స్తంభం పట్టుకుని గంటసేపు నిలబడ్డారు.

"ఆ గంటలో నలుగురు నన్ను దారి అడిగారమ్మా. ఒక్కరు కూడా ఎందుకు నిలబడ్డావని అడగలేదు" అని ఆవిడ నవ్వారు. ఆ తరవాత మళ్ళీ మెట్లు దిగలేదు.

మామయ్య నోటుబుక్కు మూశాడు. "ఏడు నావి. నా కాళ్ళవి. ముప్పై నాలుగేళ్ళు ఊళ్ళో వాళ్ళ టికెట్లన్నీ చూశాను కానీ, నాది చూసుకోలేదు. నువ్వు తెచ్చిన పుస్తకంలోనూ ఏడే ఉంది. అంటే నాలాంటి వెధవలు ఆఫీసు పెట్టుకుని మరీ ఉన్నారన్నమాట."

ఆవిడ ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఎక్కాలో, ఎన్ని సెకన్లు కావాలో అన్నీ తను సరిచూసుకునేదాకా మెట్లు దిగనివ్వనని ఆయన పట్టుబట్టాడట. పన్నెండో ర్యాంకు ఊరినుంచి పట్టుకొచ్చింది ఆ కుర్చీల ఆలోచనే. నాలుగు కొట్లవాళ్ళను బతిమాలి వేయించాడు. మిగిలినవి ఆ రెండు ఫుట్‌పాత్‌లూ, ఆ లైటూ. వాటి కోసమే ఉత్తరాలు.

మేనకోడలికి ఒక పక్క నవ్వు, ఒక పక్క ఏడుపు. తన ఉద్యోగం పోతుందన్న సంగతి చెప్పింది. ఇద్దరు పెద్దవాళ్ళూ ముఖాలు చూసుకున్నారు. ఆ సంగతి వాళ్ళిద్దరికీ తట్టనే లేదు. ఎనిమిదో ఉత్తరం కింద మామయ్య తన పేరూ, చిరునామా వేయించి, సిరాలో పడ్డ చీమలాంటి సంతకం పెట్టాడు. ఆవిడ కూడా పెట్టారు.

మర్నాడు మేనకోడలే ఆ ఉత్తరాన్ని డైరెక్టరు గారి బల్ల మీద పెట్టి, ఇది రాయించింది మా మామయ్య, ఒక్కసారి మా ఇంటినుంచి ఆయన పద్ధతిలో లైబ్రరీ దాకా నడిచి చూడండి, ఏడు నిమిషాల్లో చేరితే నేనే రాజీనామా ఇస్తానని చెప్పింది. డైరెక్టరు గారికి ఇందులో ఏదో కుట్ర కనిపించింది. అయినా పందెంలో ఓడే మనిషిలా కనబడడం ఇష్టం లేక ఒప్పుకున్నారు.

నాలుగో మలుపు దాకా పౌరుషంగానే నడిచారు. కానీ ఆయన మోకాలికి మామయ్య బిగించిన స్కేళ్ళు అలాంటివి, రెండో ఫుట్‌పాత్ ఆయనకు లొంగలేదు. మూడుసార్లు ప్రయత్నించి, చొక్కా తడిసిపోయి, పక్కనున్న కరెంటు స్తంభాన్ని కావలించుకున్నారు. ఆ సమయంలోనే సంచీ పట్టుకున్న పెద్దమనిషి ఒకాయన వచ్చి, బస్‌స్టాండ్ ఎటండీ అని అడిగాడు.

"ఆ పక్కనేనండీ, ఐదు నిమిషాల" అని డైరెక్టరు గారు ఆగిపోయారు. మామయ్య వైపు చూశారు. మామయ్య ఆకాశం వైపు చూస్తున్నాడు. డైరెక్టరు గారు ఆ పెద్దమనిషిని కిందినుంచి పైదాకా చూసి, ఆయన చేతిలో సంచీ చూసి, "మీకు పన్నెండు పట్టొచ్చు. మధ్యలో ఫొటో స్టూడియో ముందు కూర్చోండి" అన్నారు.

లైబ్రరీ చేరేసరికి ఇరవై ఎనిమిది నిమిషాలు. ఆ సాయంత్రం ఆయన మళ్ళీ కారే ఎక్కారు. కొత్త పుస్తకంలో మాత్రం రెండు గళ్ళు పెరిగాయి. నెమ్మదిగా నడిచేవాళ్ళకు పట్టే సమయం ఒకటి, దారిలో కూర్చోవడానికి చోటు ఒకటి. ఈసారి సంస్థలో అందరూ ఊళ్ళు పంచుకుని నడిచారు. సొంత ఊరు రెండునుంచి ఎనిమిదికి పడింది. కుర్చీల ఊరు పన్నెండునుంచి ఐదుకు ఎక్కింది. పేపర్లో ఈ ర్యాంకు చూసి ఊళ్ళో పెద్దలకు పౌరుషం వచ్చినట్టుంది, రెండు వారాల్లో ఆ ఫుట్‌పాత్‌లకు వాలు కట్టారు, పచ్చలైటు ముప్పై ఐదు సెకన్లయింది. మామయ్య నాలుగుసార్లు దాటి చూసి, ముప్పై నాలుగున్నరేనని తేల్చి, పోనీలే అన్నాడు. ఆయన నోట ఆ మాట విన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు.

ఒక బుధవారం పొద్దున కోర్టమ్మ గారు మెట్లు దిగారు. మామయ్య ఒక పక్క, మేనకోడలు ఒక పక్క. నాలుగు కుర్చీల్లోనూ కూర్చుని, లైబ్రరీ చేరి, పాత వారపత్రికలు నాలుగు ముందేసుకుని, ఇక మీరు వెళ్ళండి అన్నారు. పై వారంనుంచి నేనొక్కదాన్నే వస్తాను, దారి తెలిసింది కదా అని కూడా చెప్పారు. మామయ్య సరేనన్నాడు. అంత తేలిగ్గా సరేననడం మేనకోడలికి నచ్చలేదు.

ఆమె అనుమానం నిజమే. రెండు బుధవారాల తరవాత ఆఫీసు పని మీద అటు వెళ్తూ చూసింది. కోర్టమ్మ గారు చేతికర్ర ఆనించుకుంటూ నింపాదిగా వెళ్తున్నారు. ముప్పై గజాల వెనక, స్తంభానికీ స్తంభానికీ మధ్య ఒక్క పరుగున దాక్కుంటూ మామయ్య. ఆవిడ ఆగితే ఆయన గోడమీది పోస్టరు చదువుతున్నాడు. ఆవిడ కూర్చుంటే ఆయన చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నాడు.

మేనకోడలు దగ్గరికి వెళ్ళి పలకరించింది. ఫొటో స్టూడియో బెంచీ మీద కూర్చున్న ఆవిడ వెనక్కి తిరక్కుండానే అన్నారు.

"మీ మామయ్య గారితో చెప్పమ్మా. ఈ వయసులో ఆ పరుగులు మంచివి కావు. వెనకాల రావడమెందుకు, పక్కనే నడిస్తే కబుర్లైనా చెప్పుకోవచ్చు కదా."

మామయ్యకు ఆ కబురు అందింది. మొదట అదేదో వల అనుకున్నాడు. రెండు రోజులు గదిలో పచార్లు చేశాడు. బుధవారం నాటికి చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు.

ఆ సాయంత్రం మేనకోడలు ఇంటికి వచ్చేసరికి నోటుబుక్కు బల్ల మీద తెరిచి ఉంది. ఆవిడ ఒక్కరే నడిచిన రోజుల్లో ఇరవై నాలుగు, ఇరవై మూడు నిమిషాలు. ఆ రోజు యాభై ఒకటి. పక్కనే "ఆలస్యానికి కారణం" అని ఆయనే గీసుకున్న గడి ఉంది. దాంట్లో ఏదో రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, మళ్ళీ కొట్టేసి, చివరికి ఖాళీగా వదిలేశాడు.

ఆమె నోటుబుక్కు మూసి, ఎక్కడ ఉన్నది అక్కడే పెట్టి, ఇద్దరికీ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. కాసేపాగి, మూడో కప్పు కూడా తీసింది.